అరబ్బీ ధాతువులు – ఇంటి చదువు

నరసన్నపేట అంగడిలో వర్తకుఁడు తన పద్దుపుస్తకమును తెఱచినప్పుడు ఒక ప్రక్కన జమ యని వ్రాయును. రెండవ ప్రక్కన ఖర్చు అని వ్రాయును. తేలినదానిని బాకీ యనును. ఈ మూఁడు మాటలను అతఁడు తన తాతముత్తాతల తెలుఁగనియే నమ్మియున్నాఁడు. ఆ నమ్మకము తప్పని యనుటకు మనకు హక్కు లేదు. రెండుమూఁడు వందల యేండ్లు మన నోట నానిన మాట మన మాటయే. కాని వాని పుట్టినిల్లు అరబ్బు దేశము. ఆ వీథిలోనే ముసల్మాను గృహస్థుని బిడ్డ ఉదయమున లేచి ఖురాను చదువును. ఆ గ్రంథమున్న భాషయు, ఈ పద్దుపుస్తకములోని మాటల మూలభాషయు ఒక్కటే. బిడ్డకు ఆ సంగతి చెప్పువారు లేరు. చెప్పినచో వానికి గ్రంథము కొంత దగ్గఱ యగును. ఊరును కొంత దగ్గఱ యగును. ఈ వ్యాసమున నేను విచారింపఁబూనినది ఇంతియే.

ముందుగా ఈ మాటలు మన తావునకు వచ్చిన త్రోవను చూతము. గోలకొండ కుతుబ్‌షాహీ సుల్తానుల యధికారము పదునాఱవ శతాబ్దపు ఉత్తరార్ధమున గోదావరి దాఁటి కళింగదేశమునకు వ్యాపించినది. వారి ఫౌజుదారులకు శ్రీకాకుళము స్థానమయ్యెను. మొదటి ఫౌజుదారని పేర్కొనఁబడు షేర్ మహమ్మదుఖానుఁడు 1641లో అచ్చట కట్టించిన జామియా మసీదు నేఁటికిని నిలిచియున్నది. 1687లో గోలకొండ మొగలాయీల వశమైనది. 1724 తరువాత ఆసఫ్‌జాహీల యేలుబడి వచ్చినది. 1753లో ఉత్తర సర్కారులు ఫ్రెంచివారికీయఁబడినవి. 1765లో షా ఆలము చక్రవర్తి ఫర్మానా వలనను, 1766లో నిజాముతో జరిగిన సంధి వలనను అవి ఇంగ్లీషు కంపెనీకి సంక్రమించినవి. ఇంచుమించుగా రెండు వందల యేండ్లు శ్రీకాకుళపు సర్కారులో భూమి శిస్తు, తగవు, దానము, దస్తావేజు పెక్కుమట్టునకు పారసీక భాషలో నడచినవి. పారసీకములోని దొరతనపు మాటలలో పెక్కు అరబ్బీ నుండి వచ్చినవే. కాఁబట్టి మనకు అరబ్బీ మసీదు ద్వారమునుండి కొంతయు, కచ్చేరి ద్వారమునుండి అంతకంటె చాల యెక్కువగను వచ్చినది.

కంపెనీవారు నవాబులను తొలఁగించిరి గాని వారి మాటలను తొలఁగింపలేదు. 1802లో శాశ్వత పైసలా యేర్పఱచి జమీందారులకు ఇచ్చిన పత్రమునకు పేరు సనదు. వారు వ్రాసియిచ్చిన దానికి పేరు కబూలియతు. నరసన్నపేట 1936 వఱకు గంజాము జిల్లాలోనిది. ఒరిస్సా వేఱైనప్పుడు విశాఖపట్టణము జిల్లాలో చేరెను. 1950లో శ్రీకాకుళము జిల్లాలోనిదయ్యెను. ఊరి జిల్లా మూఁడుగా మాఱినది. జిల్లా యను మాట మాత్రము మాఱలేదు. అరబ్బీలో దానికి ప్రక్కటెముక యనియు, ప్రక్క యనియు నర్థము. 1984లో గ్రామ మునసబుల యుద్యోగము రద్దయ్యెను. 1985లో తాలూకాలకు బదులు మండలములు వచ్చెను. అయినను ‘వాని తాలూకు మనుష్యులు’ అని మనము మాటాడుట మానలేదు. తాలూకా యనఁగా తగులుకొనియున్నది. దొరతనపు విభాగము పోయి, షష్ఠీవిభక్తి వలె ఆ మాట మన నోట మిగిలినది.

ఈ మాటలను సి. పి. బ్రౌను దొర 1854లో మిశ్రభాషా నిఘంటువని ప్రత్యేకముగా అచ్చువేయించెను. తెలుఁగు వ్యవహారము తెలియవలెనన్న ఇవి తెలియక తీఱదని ఆయన గ్రహించినాఁడు. మన పండితులు మాత్రము వీనిని అన్యదేశ్యములని ఒక మూలకు నెట్టి, వాని లోపలి కూర్పును పరిశీలింపక విడిచిరి. ఆ కూర్పునే ధాతువు అని చెప్పవలెను.

సంస్కృతము చదివినవారికి ధాతువన నేమో చెప్పనక్కఱలేదు. కృ యను నొక్క ధాతువు నుండి కర్త, కర్మ, కార్యము, కరణము, కారకము పుట్టుచున్నవి. పాణినీయ ధాతుపాఠమున ఇట్టివి ఇంచుమించు రెండువేలు కలవు. సంస్కృత ధాతువునకు ప్రత్యయము చివరఁ జేరును. లోపలి యచ్చు గుణమో వృద్ధియో పొందును. అరబ్బీ ధాతువు సామాన్యముగా మూఁడు హల్లులు. ఆ మూఁడును తమ వరుసను విడువవు. వాని నడుమ అచ్చులు మాఱును. ముందొక మకారమో తకారమో చేరును. అర్థము వేఱువేఱు రూపులు దాల్చును. క, త, బ అను మూఁడు హల్లులు వ్రాఁతకు సంబంధించినవి. కితాబు వ్రాయఁబడిన పుస్తకము, కాతిబు వ్రాయువాఁడు, మక్తూబు వ్రాయఁబడినది, మక్తబు వ్రాఁత నేర్చుచోటు, అనఁగా బడి. సంస్కృతమును మల్లెతీఁగ తోఁ బోల్చినచో, దాని కొనను క్రొత్త చివుళ్లు వేయును; అరబ్బీ మగ్గము వంటిది, పడుగు కదలదు, పేకయే మాఱును. పొందూరు నేఁతను చూచిన మన ప్రాంతపు బిడ్డకు ఈ యుపమానము సులభముగా తెలియును.

ఈ యచ్చుల కూర్పులకు అరబ్బీ వైయాకరణులు తూనికలని పేరు పెట్టిరి. మన ధాతుపాఠము ‘అగుట’ యను నర్థముగల భూధాతువుతో మొదలగును. వారు ‘చేయుట’ యను నర్థముగల ఫ–అ–ల ధాతువును కొలఁబద్దగా పెట్టుకొనిరి. ఎనిమిదవ శతాబ్దిలో బస్రా నగరమున ఖలీలు అను మహాపండితుఁడు ధాతువుల ననుసరించి తొలి నిఘంటువును కూర్చెను. ఆయన శిష్యుఁడు సీబవైహి వ్యాకరణమును రచించెను. సీబవైహి పుట్టుక చేత పారసీకుఁడు. పరాయి భాషను శ్రద్ధతో నేర్చినవాఁడే దాని వ్యాకరణమునకు ప్రమాణమగుట మనము గుర్తుంచుకొనఁదగిన విషయము.

ఇప్పుడు మన తెలుఁగు మాటలను ఈ మగ్గముపై నుంచి చూతము. రైతు పంట యింటికి తెచ్చుటను మాసూలు అనును. ఆ పంటపై శిస్తు రాఁబట్టువాఁడు తహసీలుదారు. ఈ రెండింటికిని హ–స–ల ధాతువు: లభించుట. లభించినది మహసూలు, అదియే మాసూలు; లభింపఁజేయుట తహసీలు. వర్షములను బట్టి సంవత్సరమును విభజించుట ఫసలు. తగవును తెగఁగొట్టుట ఫైసలా. విషయమును విడఁదీసి వ్రాయుట తపశీలు. మూఁడింటికిని ఫ–స–ల: వేఱుచేయుట. ఖురానులో తీర్పుదినమునకు గల పేళ్లలో ఒకటి ఈ ధాతువు నుండియే వచ్చినది. మునసబు అను మాటకు న–స–ఫ మూలము. నిస్ఫు అనఁగా సగము. ఇన్సాఫు అనఁగా న్యాయము. ఇరువురకును సమముగా పంచువాఁడు మున్సిఫు. ఊరి మునసబు చావడి నుండి పోయినను, ఈ ధాతువు చెప్పు ధర్మము పోఁగూడదు.

సర్కారుల పేళ్లలోనే ఇట్టి పాఠములు దాఁగియున్నవి. గుంటూరు సర్కారునకు ముర్తజానగరమని పేరు. ముర్తజా యనఁగా దైవమునకు ఇష్టుఁడైనవాఁడు. మనము తగవు మాని కుదుర్చుకొను ‘రాజీ’ కూడ ఆ ధాతువుదే: ఇష్టపడుట. కొండపల్లి సర్కారునకు ముస్తఫానగరమని పేరు. ముస్తఫా యనఁగా ఏఱి తీయఁబడినవాఁడు. వ్రాసిన చిత్తును ‘సాపు’ చేయుట యను మాటకు మూలమైన సాఫు కూడ ఆ కుటుంబములోనిదే: నిర్మలమగుట. సనదు అను మాటకు ఆనుట యని మూలార్థము. ప్రవక్త వచనమును ఎవరు ఎవరి వలన వినిరో ఆ గురుపరంపరను ఇస్నాదు అందురు. జమీందారుకు సనదు ఆధారము, హదీసునకు ఇస్నాదు ఆధారము. వారసత్వము అను మాటను చూడుఁడు: వారిసు అరబ్బీ, త్వ ప్రత్యయము సంస్కృతము, రెండింటిని కలిపి వాడుకొన్నది తెలుఁగు. హిందూముసల్మాను సహవాసమును గూర్చి పెద్ద యుపన్యాసము కంటె ఈ యొక్క మాట యెక్కువ చెప్పుచున్నది.

ఇంతకంటె లోఁతైన సంగతి మఱియొకటి కలదు. ముసల్మానులు భగవంతునికి తొంబదితొమ్మిది నామములను జపింతురు. వానిలో బాఖీ యొకటి: ఎల్లప్పుడును నిలిచియుండువాఁడు. అంగడివాని బాకీయు అదియే ధాతువు: తక్కినవి పోఁగా మిగిలినది. వకీలు అను నామమున్నది: భారమప్పగింపఁదగినవాఁడు, మన న్యాయస్థానములలో వకాలతునామా వ్రాసియిచ్చుట ఆ యర్థముననే. హక్కు అను నామమున్నది: సత్యము. వారిసు అను నామమున్నది: అందఱును పోయినపిదప సర్వమునకు వారసుఁడు. జామియు అను నామము చెదరినదానిని కూర్చువానిది. జమ అదే ధాతువు. ఖబీరు అన్నిటిని ఎఱిఁగినవాఁడు. మనము పంపు కబురు ఖబర్ నుండి వచ్చినది. హసీబు లెక్క చూచువాఁడు, హిసాబు లెక్క. శిస్తు మాఫీ యైన నాఁడు రైతు సంతసించును. అపరాధములను మాఫీ చేయువానికి అఫువ్వు అని పేరు. జమ, బాకీ, హక్కు, వారసు, వకీలు, కబురు, మాఫీ – ఈ యేడు మాటలు తెలిసిన తెలుఁగు బిడ్డ తెలియకయే ఏడు దివ్యనామముల వాకిట నిలుచున్నాఁడు. తలుపు తీయువారు కావలెను.

మన ప్రాంతపు ముసల్మాను బిడ్డలకు జరుగుచున్న చదువేమి? నాలుగేండ్ల నాలుగు నెలల నాలుగు దినములకు బిస్మిల్లా జరుపుట పలు కుటుంబములలో నాచారము. పిదప కాయిదా యను అక్షరపుస్తకము; తరువాత నాజిరా, అనఁగా చూచి చదువుట. స్వరము తప్పక, అక్షరము తప్పక గ్రంథమంతయు పారాయణము చేయుదురు. ఇది సామాన్యమైన శ్రమ కాదు. దీనిని చులకన చేయువాఁడు చదువు విలువ నెఱుఁగనివాఁడు. కాని పెక్కండ్రకు అర్థము మాత్రము దూరముగనే యుండిపోవును. ఇంటిలో ఉర్దూ, వీథిలో తెలుఁగు, బడిలో తెలుఁగును ఇంగ్లీషును, పారాయణమున అరబ్బీ – నాలుగు భాషలు బిడ్డ చుట్టునున్నవి. వానిని కలుపు వంతెన లేదు.

ఈ లోపమును ఎత్తిచూపుటకు మనవారికి అర్హత యెంత? వేదమును వల్లించి అర్థ మెఱుఁగనివానిని యాస్కాచార్యుఁడు బరువు మోయు స్తంభముతో పోల్చెను. ఖురాను 62వ అధ్యాయమున ధర్మగ్రంథము నొసఁగఁబడియు దాని ననుసరింపనివారు పుస్తకములు మోయు గాడిదతో పోల్పఁబడిరి. ఇరువురును బరువు నుపమానముగనే గ్రహించిరి. ఒకరు మ్రానన్నారు, ఒకరు మృగమన్నారు, రోగమొక్కటియే. మన యుపనయనములలో వటువు పలుకు మంత్రమునకు అర్థ మడిగినచో తండ్రియే తడఁబడును. కాఁబట్టి నేను చెప్పుచున్నది పొరుగింటివారి లోపము కాదు. రెండిండ్లలోను గల లోపము. వారి యింటికి మందు దగ్గఱలోనే యున్నదనుటయే నా తాత్పర్యము.

ఆ మందు ధాతుపాఠము. ఖురానులోని మాటలు, లెక్కించు పద్ధతిని బట్టి, ఇంచుమించు డెబ్బదియేడు వేలు. అవి పుట్టిన ధాతువులు రెండువేలకు లోపే. వానిలోను కొన్ని వందలే మాటిమాటికి వచ్చును. మాటల నన్నిటిని బట్టీపట్టుట బిడ్డకు అసాధ్యము. వారమునకొక ధాతువును పట్టుట సాధ్యము. ఏఁడాదికి ఏఁబది ధాతువులు తెలిసినచో, పారాయణము చేయునప్పుడు ప్రతిపుటలోను తెలిసిన ముఖములు కనఁబడుచుండును. క్రొత్తయూరిలో నలుగురు పరిచితులున్నచో అది పరాయి యూరుగా తోఁపదు.

లక్నో నగరమున ముల్లా నిజాముద్దీను (మరణము 1748) పేర వెలసిన పాఠక్రమము మదరసాలలో వ్యాపించినది. అందు శబ్దరూపముల శాస్త్రమునకు పెద్ద పీట వేసిరి. ఆ చదువు మౌల్వీ కాఁదలఁచినవానికి. వర్తకుని బిడ్డకును, దర్జీ బిడ్డకును, ముఖ్యముగా ఆఁడుపిల్లలకును అది అందలేదు. రూపావళిని వల్లించి వల్లించి విసిగినవారు సంస్కృతపుఁ బాఠశాలలలోను కలరు. ఇంటి చదువు రూపావళితో మొదలు కాఁగూడదు. ఇంటిలోని పేళ్లతో మొదలు కావలెను. సలీము, సలామత్, ఇస్లాము, ముస్లిము, సలాము – అన్నిటికి స–ల–మ ధాతువు: శాంతి, క్షేమము. మహమ్మదు, అహమ్మదు, మహమూదు, హమీదు – అన్నిటికి హ–మ–ద: స్తుతి. ఖురాను మొదటి అధ్యాయములో తొలుత వచ్చు మాటలలో ఈ ధాతువున్నది. తన పేరు ఏ ధాతువుదో తెలిసికొన్న బిడ్డ తక్కినవానిని తానే వెదకును.

రెండవ మెట్టు అంగడి మాటలు, బడి మాటలు. ఉపాధ్యాయుఁడు పేరు పిలువఁగా బిడ్డ చెప్పు ‘హాజరు’ అరబ్బీయే. ప్రశ్నకు ‘జవాబు’ అరబ్బీయే. ‘అసలు’, ‘నకలు’ అరబ్బీయే. మూఁడవ మెట్టు గ్రంథములోని మాటలు. ఈ క్రమమున తల్లియే నేర్పవచ్చును. పలక మీఁద మూఁడక్షరములు వ్రాసి, వాని క్రింద తెలిసిన తెలుఁగు మాట, దాని క్రింద ఇంటి ఉర్దూ మాట, చివర పారాయణములోని మాట వ్రాసినచో ఒకనాఁటి పాఠము ముగిసినది. తల్లికి రానిచో బిడ్డతోఁ బాటు నేర్చుకొనవచ్చును. 1874లో వీరేశలింగము పంతులుగారు ధవళేశ్వరమున బాలికాపాఠశాలను స్థాపించిన నాఁటినుండి మనము పలుకుచున్న మాట యొక్కటే: తల్లి చదివిన యింట చదువు నిలుచును. ఆ మాటకు మతభేదము లేదు.

ఈ త్రోవలో జాగ్రత్తలు మూఁడు కలవు. మొదటిది ఉచ్చారణము. తెలుఁగు నోట అరబ్బీ యక్షరములు కొన్ని కలిసిపోవును. హకారములు రెండు, సకారమువంటివి మూఁడు, జకారమువంటివి నాలుగు మనకు ఒక్కొక్కటిగనే వినఁబడును. కంఠమూలమున పలుకు ఖల్బు హృదయము. సామాన్యమైన కకారముతో పలుకు కల్బు కుక్క. ఈ భేదమును తెలుఁగు లిపి చూపలేదు. కాఁబట్టి ధాతువును అరబ్బీ లిపిలోనే వ్రాయింపవలెను. తెలుఁగు మాట నిచ్చెన మాత్రమే. రెండవది అర్థభేదము. మనకు గరీబు బీదవాఁడు. అరబ్బులకు అతఁడు పరదేశి. మాట ప్రయాణము చేసినప్పుడు అర్థమును కొంత జాఱవిడుచును. మూఁడవది, అరబ్బీ వలె తోఁచు ప్రతిమాటయు అరబ్బీ కాదు. సర్కారు, దర్బారు, బజారు, రోజు – ఇవి పారసీకములు. వీనికి మూఁడక్షరముల ధాతువును వెదకరాదు. నమాజు సైతము పారసీకమే. అరబ్బీలో దానిని సలాత్ అందురు. నమాజు అను మాట మన సంస్కృతపు ‘నమస్’ శబ్దమునకు దాయాది యని భాషాశాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. మసీదులో వంగువాఁడును, కోవెలలో వంగువాఁడును ఆ చేఁతకు ఒకే పురాతన మూలము నుండి పేరు పెట్టుకొనియున్నారు.

రెండు ఆక్షేపణలను ఊహింపవచ్చును. పవిత్రభాషను పద్దుపుస్తకముతో ముడిపెట్టుట అపచారము కాదా యని కొందఱందురు. ఖురానులోనే లెక్క, త్రాసు, అప్పు, వర్తకము, లాభము, నష్టము ఉపమానములుగా నున్నవి. అవతరించినది వర్తకుల నగరమైన మక్కా కాలమునుండి. వర్తకుని మాటలను అది తిరస్కరింపలేదు. అన్యదేశ్యములను బోధించిన తెలుఁగు చెడునని మఱికొందఱందురు. పొన్నిగంటి తెలగన్న అచ్చతెలుఁగున యయాతిచరిత్రమును రచించి గోలకొండ సర్దారు అమీనుఖానునకు అంకిత మిచ్చెను. అచ్చతెలుఁగును ఆదరించినది ముసల్మాను ప్రభువు. మూలము తెలిసికొన్నంత మాత్రమున భాష చెడదు, తెలియకపోవుటయే చేటు.

మన ప్రాంతమున ఇట్టి పనికి ఆదర్శములు లేకపోలేదు. నరసన్నపేటకు సమీపమున శ్రీముఖలింగము నొద్ద పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారు కొండలలోని సవరల భాషను నేర్చి, వారి బిడ్డలకు వారి మాటలోనే చదువు చెప్పుటకు పాటుపడిరి. అనంతపురమున అధ్యాపకులై యుండిన చిలుకూరి నారాయణరావుగారు ఆంధ్రభాషాచరిత్రము వ్రాయుటయే కాక, ఇరువదవ శతాబ్దపు పూర్వార్ధముననే ఖురానును తెలుఁగు చేసిరి. పిఠాపురమున ఉమర్ ఆలీషా (1885–1945) ముసల్మానై పుట్టి తెలుఁగున కవియై, ఉమర్ ఖయ్యాము రుబాయతులను పారసీకము నుండి తెలిఁగించెను. ఒకరు కొండ యెక్కిరి, ఒకరు మసీదు గుమ్మము దాఁటి గ్రంథమును చదివిరి, ఒకరు రెండు సాహిత్యముల నడుమ నిలిచిరి. ఎవరును తమ యింటిని పోఁగొట్టుకొనలేదు.

ధాతువు నెఱిఁగినవాఁడు మాటను ప్రశ్నింప నేర్చును. మాటను ప్రశ్నింప నేర్చినవాఁడు ఎవరో చెప్పిన యర్థమును కన్నులు మూసికొని నమ్మఁడు. మతము పేరిట ద్వేషమును బోధించువాఁడు వచ్చినప్పుడు, ఆ మాట గ్రంథములో నున్నదా, ఉన్నచో దాని మూలార్థమేమి యని అడుగును. ఈ యడుగు శక్తియే ఇంటి చదువు ఈయవలసిన ఆస్తి. హిందువుల యిండ్లలో సంస్కృత ధాతువునకును, ముసల్మానుల యిండ్లలో అరబ్బీ ధాతువునకును వారమునకొక గడియ కేటాయించినచో, నరసన్నపేట వంటి చిన్న పట్టణమున నైనను పదియేండ్లలో అర్థ మెఱిఁగి చదువు తరము పెరుగును. అందుకు మదరసా కట్టనక్కఱలేదు, చందా పోగుచేయనక్కఱలేదు. ఒక పలక, ఒక తల్లి, మూఁడక్షరములు చాలును.